వెండి కళ్ళకి వోచరేదీ?

రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్ళు పైగా పనిచేసినవాణ్ణి. వోచరు లేని ఖర్చు ఒప్పుకోకూడదన్నది నా వృత్తిధర్మం. రిటైరై నోయిడాలో కూర్చున్నా ఆ అలవాటు పోలేదు.

ఆ మధ్య కంప్యూటర్లో పాత ఇటలీ చిత్రాలు చూస్తుంటే ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఫ్రాంచెస్కో దెల్ కోసా 1473 ప్రాంతంలో వేసిన సెయింట్ లూసీ బొమ్మ అది. ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆమె ఒక చేతిలో ఖర్జూరపు మట్ట. మతం కోసం ప్రాణమిచ్చినవారికి అది గుర్తు. రెండో చేతిలో ఒక కాడ, దాని చివర మొగ్గల్లా రెండు కళ్ళు! ముఖాన ఉండాల్సిన కళ్ళు మాత్రం ముఖానే నిక్షేపంగా ఉన్నాయి.

ఆమె కళ్ళు పీకేశారనీ, దేవుడు కొత్తవి ఇచ్చాడనీ భక్తుల కథ. సరే, వోచరు చూద్దాం. లూసీ సిసిలీలోని సిరక్యూస్‌లో క్రీ.శ. 304 ప్రాంతంలో చనిపోయిందంటారు. ఆమె గురించిన తొలి కథనాల్లో కళ్ళు పీకిన ఊసే లేదు. 13వ శతాబ్దంలో సెయింట్ల కథలన్నీ పోగుచేసిన 'గోల్డెన్ లెజెండ్' లోనూ లేదు. మరి కళ్ళెక్కడివి? పేరులోవి. లాటిన్‌లో 'లుక్స్' అంటే వెలుగు. వెలుగంటే చూపు, చూపంటే కళ్ళు. చదువురాని జనం ఏ బొమ్మ ఎవరిదో పోల్చుకోవాలి గనక చిత్రకారులు తలా ఒక గుర్తు పెట్టారు. గుర్తుకి తర్వాత కథ పుట్టింది. చక్రంతో కనిపించే సెయింట్ కేథరిన్‌కి చరిత్ర ఆధారాలు చాలవని 1969లో చర్చే ఆమె పండగని క్యాలెండర్లోంచి తీసేసింది. 2002లో మళ్ళీ చేర్చింది!

మనమేం తక్కువ తినలేదు. లేపాక్షి వీరభద్రాలయం 1530ల నాటిది. అచ్యుతరాయల అధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడనీ, శిక్షకి ముందే కళ్ళు పీకి గోడకేసి కొట్టాడనీ ఎర్రటి మరకలు చూపిస్తారు. అందుకే 'లేప-అక్షి' అట. అదే ఊళ్ళో ఇంకొకరు, రాముడు జటాయువుతో 'లే, పక్షీ' అన్నాడు గనక లేపాక్షి అంటారు. ఒకే పేరుకి రెండు కథలుంటే రెండూ నిజం కాలేవు. పేరులోంచే కథ పుట్టిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇదంతా సరదాకి రాయడం లేదు. మా అక్కయ్యకి నీటికాసులు మొదలైనప్పుడు డాక్టరు రోజూ చుక్కలు వేసుకోమన్నాడు. ఎవరో చెప్పారని చుక్కలు మానేసి, హుండీలో వెండి కళ్ళు వేసి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఎడమ కన్ను పోయింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. వెండి కళ్ళు కొన్న డబ్బు నేనే ఇచ్చాను, అక్కయ్య మనసు నొప్పించలేక. జీవితంలో వోచరడక్కుండా నేను పాస్ చేసిన బిల్లు అదొక్కటే.

బొమ్మని బొమ్మగా చూద్దాం, మెచ్చుకుందాం. కన్ను నొప్పెడితే మాత్రం కళ్ళ డాక్టరు దగ్గరికే వెళదాం.