నూలు మిల్లు నుంచి న్యూయార్కు దాకా

మన సోలాపూర్‌లో మిల్లు భోంగా విని పెరిగినవాళ్లం కనుక, ఈవారం ఇంకో దేశపు మిల్లువాళ్ల ముచ్చట చెప్పుకుందాం.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, స్ప్రే అనే ఊరు. 1892లో పుట్టిన ఛార్లీ పూల్ చిన్ననాటి నుంచే బట్టల మిల్లు పనివాడు. చేతికి తొడుగు లేకుండా బేస్‌బాల్ పట్టబోయి వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. అవి వంకరగానే అతుక్కున్నాయి. ఆ వంకర వేళ్లతోనే బ్యాంజో మీటడంలో తన బాణీ చేసుకున్నాడు. బ్యాంజో అంటే మన గణపతి ఊరేగింపుల్లో వాయించే మీటల పెట్టె కాదు, తోలు బిగించిన తంతి వాద్యం. బావమరిది పోసీ రోరర్ ఫిడేలు, నార్మన్ వుడ్‌లీఫ్ గిటారు. ఈ ముగ్గురే నార్త్ కరోలినా ర్యాంబ్లర్స్.

1925 జూలైలో న్యూయార్కు వెళ్లి కొలంబియా కంపెనీకి నాలుగు పాటలు పాడారు. చేతికి వచ్చింది 75 డాలర్లు. అందులో 'డోంట్ లెట్ యువర్ డీల్ గో డౌన్' ఉన్న రికార్డు లక్షకు పైగా అమ్ముడుపోయింది. లాభం కంపెనీది, పేరు మాత్రం వీళ్లది.

తర్వాత గిటారుకు ఒకప్పుడు రైలు ఇంజను నడిపిన రాయ్ హార్వే వచ్చాడు. 1928లో బావా బావమరుదులు విడిపోయారు. ఐదేళ్లలో అరవైకి పైగా పాటలు రికార్డయ్యాయి. ఇంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది, రికార్డులు కొనేవాళ్లు కరువయ్యారు. 1931లో హాలీవుడ్ నుంచి సినిమాకు వాయించమని పిలుపొచ్చింది. ఆ సంతోషంలో మొదలైన తాగుడు వారాల తరబడి ఆగలేదు. మే 21న గుండె ఆగింది. వయసు 39. బ్యాండు కథ అక్కడితో సరి.

కానీ పాట చావలేదు. 2009లో లౌడన్ వెయిన్‌రైట్ ఆయన మీద చేసిన ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. కారణం ఒకటే, ఎవరో ఆ గొంతు పట్టి ఉంచారు.

మన తాతలూ మగ్గాల దగ్గర పాడారు, నాయనమ్మలు కండెలు చుడుతూ పాడారు. వాళ్లకు 75 డాలర్లు కూడా దక్కలేదు, రికార్డూ లేదు. ఆ పాటలు ఇంకా నోట ఉన్న పెద్దలు మన ఇళ్లలో కొందరున్నారు. మనందరి జేబుల్లో ఫోన్లున్నాయి. ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని, ఒక్క పాటైనా పాడించి దాచుకుందామా?