మబ్బుల్లో దిగేవేళ ఆరితేరిన పైలట్ ఎక్కడ తప్పుతాడు?

1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ విమానం వెనక సీటులో కూర్చుని, చుట్టూ ముసుగు కప్పించుకున్నాడు. బయటిదేదీ కనబడకుండా, ఎదుటి మీటర్ల ముళ్లనే చూస్తూ గాల్లోకి లేచి, చుట్టు తిరిగి, అదే నేల మీద దిగాడు. ఆకాశంలో ఒళ్లు చెప్పేది కాదు, ముల్లు చెప్పేదే నమ్మాలని ఆ ప్రయత్నం రుజువు చేసింది. అయితే ముందు సీటులో, అవసరమైతే ఆదుకోవడానికి, ఇంకో పైలట్ ఉన్నాడు. ఆ తర్వాతి చరిత్రంతా ఆ రెండో మనిషి చుట్టూనే తిరిగింది.

1938 జనవరిలో మంచు తుపాను మధ్య ఒక ప్రయాణికుల విమానం రేడియో సంకేతాల సాయంతో పిట్స్‌బర్గ్‌లో దిగింది. ఆ సంకేతాల ఏర్పాటే ఐఎల్‌ఎస్. అందులో లోకలైజర్ రన్‌వే మధ్యగీతను చూపిస్తుంది, గ్లైడ్‌స్లోప్ దాదాపు 3 డిగ్రీల వాలును చూపిస్తుంది. వాలు చూపే సంకేతం లేనిచోట మాత్రం ఎంత దూరంలో ఎంత ఎత్తుకు దిగాలో చార్టు చూసి పైలటే లెక్క కట్టుకోవాలి. ఎన్నో ప్రమాదాలకు చోటిచ్చింది ఈ లెక్కే.

1974 డిసెంబరు 1న వాషింగ్టన్ డల్లెస్‌కు వస్తున్న టీడబ్ల్యూఏ 514 విమానం వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. అప్రోచ్‌కు, అంటే రన్‌వే వైపు దిగడానికి, అనుమతి రాగానే 1,800 అడుగులకు దిగవచ్చని సిబ్బంది అనుకున్నారు. ఆ భాగంలో 3,400 అడుగులు ఉండాలన్న అంకె చార్టులో కనబడి, దాని గురించి మాట్లాడుకున్నారు కూడా. అయినా చివరికి అలవాటైన అర్థమే గెలిచింది. అటు కంట్రోలర్లకూ ఇటు పైలట్లకూ 'అప్రోచ్‌కు అనుమతి' అన్న ఆ ఒక్క మాటకు వేర్వేరు అర్థాలుండేవి. ఈ ప్రమాదం తర్వాతే నేల దగ్గరపడితే హెచ్చరించే జీపీడబ్ల్యూఎస్ యంత్రాన్ని అమెరికా తప్పనిసరి చేసింది. పొరపాట్లను పైలట్లు భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు 1976లో వచ్చింది.

కంప్యూటర్లు వచ్చాక తప్పు చార్టు నుంచి బటన్‌కు జరిగింది. 1992 జనవరి 20న స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ 148 కొండకు తగిలి 87 మంది మరణించారు. 3.3 డిగ్రీల వాలు అనుకుని, నిమిషానికి 3,300 అడుగుల వేగంతో దిగే మోడ్‌లో అంకె పెట్టి ఉంటారని దర్యాప్తు భావించింది. రెండింటికీ తెర మీద కనిపించే అంకె 33 లాగే ఉండేది. ఆ విమానంలో హెచ్చరిక యంత్రమూ లేదు.

1997 ఆగస్టు 6న గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 నిమిట్జ్ కొండ మీద కూలి 228 మంది పోయారు. గ్లైడ్‌స్లోప్ పనిచేయడం లేదని ముందే చెప్పినా, అది పనిచేస్తోందా అన్న చర్చ కాక్‌పిట్‌లో సాగింది. దూరం కొలిచే కేంద్రం రన్‌వే దగ్గర కాక, దానికి మూడు మైళ్లకు పైగా ముందున్న ఆ కొండ మీదే ఉంది. కెప్టెన్ అలసటను, ఆయన్ని సకాలంలో నిలదీయని తోటి సిబ్బందిని దర్యాప్తు ఎత్తిచూపింది. దిగడం మానుకుందామని కో-పైలట్ అన్నాడు. కానీ అప్పటికి మిగిలినవి కొన్ని సెకన్లే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. కొత్తవాడు తెలియక తప్పుతాడు. ఆరితేరినవాడు తెలుసనుకుని తప్పుతాడు. వందలసార్లు సాఫీగా దిగిన చేతికి ఈసారీ సాఫీగానే దిగుతామన్న నమ్మకం ముందే ఉంటుంది. దానికి ఎదురు చెప్పే ముల్లును కళ్లు చూస్తాయి, మనసు దాటవేస్తుంది. అందుకే 1979లో నాసా సదస్సు నుంచి మొదలైన శిక్షణలో విమానం నడపడంతోపాటు, పక్క సీటు మాట వినడం కూడా పాఠమైంది.

పాఠం ఉన్నంత మాత్రాన అలవాటు మారదు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 మామూలు కంటే చాలా ఎత్తు నుంచి దూకుడుగా దిగి, రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. పదివేల గంటలకు పైగా ఎగిరిన కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. గో-అరౌండ్, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేద్దామని, కో-పైలట్ మూడుసార్లు అన్నాడు, యంత్రమూ పదేపదే అరిచింది. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లోనూ అనుభవజ్ఞుడైన కెప్టెనే. వాన పడుతున్న రన్‌వే మీద విమానం చాలా ముందుకు వెళ్లి నేల తాకింది, 21 మంది ప్రాణాలు పోయాయి.

మబ్బుల్లో వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు, దిశ కుదురుకోకపోతే మళ్లీ పైకి లేవాలన్నది నేడు దాదాపు ప్రతి విమాన సంస్థలోనూ నియమం. అలా లేచినందుకు పోయేది కాస్త ఇంధనం, పది నిమిషాల సమయం. మంగళూరులో రెండో మనిషి మౌనంగా లేడు, మాట పెగలక ఊరుకోలేదు. వినాల్సిన చెవికే అది ఎక్కలేదు.