మూడు గంటల పరీక్ష: మన జిల్లాల పిల్లలు, గడియారం కథ



మార్చి దగ్గర పడిందంటే చాలు, కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "మంచిగ చదివినవా?" అని. "హాల్లో ఉన్న మూడు గంటలు ఎట్ల వాడుకుంటవ్?" అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ ఎపిసోడ్‌లో ఆ మూడు గంటల గురించి మాట్లాడుకుందాం. నిమిషాల లెక్క కూడా చెప్తాను. కానీ ముందు చరిత్ర. ఎందుకంటే ఈ గడియారం పరీక్ష గదిలోకి ఎట్ల వచ్చిందో తెలిస్తే, దాన్ని చూసి భయపడటం కొంత తగ్గుతుంది.

మన ఊళ్లలో పాతకాలపు చదువు అంటే ఖాన్గీ బడి చదువు. పంతులు ముందు కూర్చొని ఎక్కాలు, శతక పద్యాలు అప్పజెప్పాలె. మధ్యలో ఆగితే ఒక మాట అందించేవాడు, లేదంటే తొడపాశం పెట్టేవాడు. అంతే గానీ "నీ టైం అయిపోయింది" అని పలక గుంజుకునేవాడు కాదు. పిల్లవాడికి పాఠం వచ్చిందా రాలేదా, అదొక్కటే లెక్క.

పెద్ద ఎత్తున రాతపరీక్ష పెట్టడం మొదలైంది చైనాలో. అక్కడ రాజోద్యోగాల కోసం వచ్చినవాళ్లను చిన్న చిన్న గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కో విడతలో రోజుల తరబడి రాయించేవారు. 1905లో ఆ పద్ధతిని రద్దు చేశారు. మనకు ఇప్పుడున్న పరీక్ష మాత్రం ఇంగ్లండ్ దారిలో వచ్చింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. వందల మంది, వేల మంది పిల్లలను ఒకేసారి పరీక్షించాలంటే ఏం చేయాలి? అందరికీ ఒకటే ప్రశ్నపత్రం, అందరికీ ఒకటే సమయం ఇవ్వాలి. అట్ల గంట కొట్టి మొదలుపెట్టి, గంట కొట్టి ముగించే పరీక్ష మన దేశంలో స్థిరపడింది. ఇందులో ఒక న్యాయం ఉన్నదండీ. జమీందారు కొడుకుకైనా పాలేరు కొడుకుకైనా అవే నిమిషాలు. మరి ఆ నిమిషాలు ఇద్దరికీ ఒకే విధంగా అక్కరకొస్తున్నాయా? మన జిల్లాల చరిత్ర చూస్తే రావడం లేదనే చెప్పాలి.

హైదరాబాద్ రాజ్యం సంగతి చూడండి. నిజాం కాలేజీ 1887లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. అంటే ఇక్కడి విద్యార్థి మద్రాసు వాళ్ల పరీక్ష రాయాలె, అదీ ఇంగ్లీషులో. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంగ్లీషుకు బదులు ఒక దేశభాషలో పై చదువు చెప్పడం గొప్ప ప్రయోగమే. అయితే ఆ భాష ఉర్దూ. కరీంనగర్ పల్లెల్లో ఇంటి భాష తెలుగు. బడి భాష, పరీక్ష భాష ఉర్దూ.

సి. నారాయణ రెడ్డి గారినే తీసుకోండి. 1931లో హనుమాజీపేటలో పుట్టారు. అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల. తెలుగులో ఇంత పెద్ద కవి అయిన మనిషి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలో! ఆయన రెండు భాషలనూ వశం చేసుకున్నారు, అది ఆయన ప్రతిభ. అదే బెంచీల మీద కూర్చున్న మామూలు పిల్లవాణ్ణి ఊహించుకోండి. ప్రశ్న ఉర్దూలో చదవాలె, మనసులో తెలుగులో అర్థం చేసుకోవాలె, మళ్లీ ఉర్దూలోకి మార్చి రాయాలె. ఆ మార్పిడికి పట్టే నిమిషాలు ఎవరి ఖాతాలోకి పోతాయి? పిల్లవాడి ఖాతాలోకే.

ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్తే ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. 1940లో కుమ్రం భీం మరణించిన తర్వాత, నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలోనే వాచకాలు తయారు చేయించారు. పిల్లవాడు ముందు తన భాషలో అక్షరం నేర్చుకుంటే, తర్వాత వేరే భాష తేలిక అవుతుందన్నది దాని వెనక ఆలోచన. ఇప్పటికీ ఉట్నూర్, జైనూర్, కెరమెరి వైపు చాలా ఇళ్లలో మాట్లాడేది గోండీ. బడిలో తెలుగు, ఇంటర్‌కు వచ్చేసరికి ఇంగ్లీషు. మూడు భాషల దారి నడిచి జవాబు దగ్గరికి వచ్చే పిల్లకు మూడు గంటలంటే నిజంగా మూడు గంటలేనా?

ఇక తర్వాతి కాలానికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969లో వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అప్పటి నుంచి పది, ఇంటర్ అన్నవి ప్రతి ఇంటికీ రెండు పెద్ద గడపలయ్యాయి. ఇక్కడ ఒకటి గమనించండి. ఈ పరీక్షల గడియారాన్ని ప్రభుత్వాలు చాలాసార్లు సవరించాయి. 2015లో పదో తరగతికి కొత్త విధానం వచ్చినప్పుడు పేపర్ సమయం 2 గంటల 45 నిమిషాలు అయింది. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇచ్చారు. కరోనా తర్వాత 2022లో తెలంగాణలో 11 పేపర్లను 6 చేశారు. వైకల్యం ఉన్న విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. కాబట్టి పరీక్ష సమయం దేవుడు రాసిన రాత కాదు. మనుషులు పెట్టిన నియమం, మనుషులు మార్చగల నియమం.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన విషయం. ఇంటర్ పరీక్ష ఉదయం 9 గంటలకు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వకూడదన్న నిబంధన ఉండేది. ప్రశ్నపత్రం బయటికి పోకూడదు, కాపీ జరగకూడదు అన్నది దాని ఉద్దేశం. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2024 ఫిబ్రవరి 29న ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు మొదలయ్యాయి. ఆదిలాబాద్ జిల్లాలో ఒక విద్యార్థి కొద్ది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. గేటు తెరుచుకోలేదు. ఆ అబ్బాయి అదే రోజు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత బోర్డు ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది.

ఆ ఐదు నిమిషాలు చిన్నవేనండీ. కానీ హైదరాబాద్‌లో కూర్చొని రాసిన నిబంధనకు, పొద్దున ఒక బస్సు తప్పితే ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో తెలియని పల్లెకు మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ రోజు అందరికీ తెలిసింది. పట్నం పిల్లకు పరీక్ష 9 గంటలకు మొదలవుతుంది. అడవి దగ్గర ఊరి పిల్లకు తెల్లవారుజామున బస్టాపు దగ్గరే మొదలవుతుంది.

పిల్లలకు, తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఒక పేపర్ పోతే సప్లిమెంటరీ ఉన్నది. ఏడాది పోయినా మళ్లీ రాయొచ్చు. మనసు బాగా బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం. ఏ వేళలోనైనా మాట్లాడుతారు.

ఇప్పుడు నిమిషాల లెక్క. ఇంటర్ లెక్కల పేపర్ తీసుకుందాం. ఏళ్లుగా నడిచిన నమూనాలో మొత్తం 75 మార్కులు. 2 మార్కులవి 10, 4 మార్కులవి ఏడింటిలో 5, 7 మార్కులవి ఏడింటిలో 5 రాయాలి. ఉన్నది 180 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు పేపర్ చదివి, ఏవి రాయాలో గుర్తు పెట్టుకోవడానికి. చివరి 15 నిమిషాలు సరిచూసుకోవడానికి. మిగిలింది 155. 7 మార్కుల ప్రశ్నకు 15 నిమిషాలు వేసుకుంటే ఐదింటికి 75. 4 మార్కుల ప్రశ్నకు 8 చొప్పున 40. 2 మార్కుల ప్రశ్నకు 4 చొప్పున 40. మొత్తం 155. సరిగ్గా సరిపోయింది చూడండి. అంటే మార్కుకు రెండు నిమిషాలు. నమూనా మారవచ్చు, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే. మొత్తం నిమిషాల్లో చదవడానికి, సరిచూసుకోవడానికి పక్కన పెట్టి, మిగిలినదాన్ని మార్కులతో భాగించండి.

మన పిల్లలు ఎక్కడ దెబ్బ తింటున్నారంటే, బాగా వచ్చిన ప్రశ్న దగ్గర. వచ్చింది కదా అని 2 మార్కుల జవాబుకు రెండు పేజీలు రాస్తారు. ఎంత రాసినా అక్కడ వచ్చేది 2 మార్కులే. ఆ పది నిమిషాలు చివర్లో 7 మార్కుల ప్రశ్న నుంచి కోత పడతాయి. రెండోది, రాని ప్రశ్న దగ్గర మొండికి కూర్చోవడం. నిమిషాలు దాటితే జాగా వదిలి ముందుకు పోవాలె. సగం రాసిన రెండు జవాబులకు వచ్చే మార్కులు, ఒకటి పూర్తి చేసి రెండోది వదిలేస్తే వచ్చేవాటి కంటే చాలాసార్లు ఎక్కువే ఉంటాయి. ఎందుకంటే ప్రతి మెట్టుకూ మార్కులుంటాయి.

ఎంట్రన్సులో ఇంకా గట్టి లెక్క. మన ఇంజనీరింగ్ ఎంట్రన్సులో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్లు. అక్కడ తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఏదీ వదలకూడదు. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, కాబట్టి అక్కడ గుడ్డిగా పెట్టకూడదు. అందుకే ముందు పరీక్ష నియమం తెలుసుకోవాలె, తర్వాతే వేగం.

ఇంట్లో చేయాల్సింది ఒక్కటే. పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకొని, గోడ గడియారం చూస్తూ మూడు గంటలు పూర్తిగా రాయండి. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు మారినవాళ్లు, ఇంట్లో గోండీ, కొలామి, లంబాడీ మాట్లాడేవాళ్లు దీన్ని ఐదారుసార్లు చేయాలి. భాష మార్పిడికి మీకు ఎన్ని నిమిషాలు పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఇంకొకటి, పరీక్షకు ముందు రోజే సెంటర్ చూసి రండి. బస్సు టైం ఒకటి కాదు, దానికంటే ముందు బస్సు టైం కూడా తెలుసుకోండి.

నగరాల్లో చదువుకున్న ఇళ్లలో ఈ లెక్కలన్నీ అన్నం పెడుతూనే అమ్మానాన్నలు చెప్తారు. మొదటిసారి పరీక్ష హాలు చూస్తున్న ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. ఆ రెండిళ్ల మధ్య తేడా తెలివిలో లేదు, ఈ చిన్న సమాచారంలో ఉన్నది. మీ వాడకట్టులో పది, ఇంటర్ రాస్తున్న పిల్లలు ఎవరన్నా ఉంటే, ఒక గంట కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పండి. పొద్దున బండి ఉంటే సెంటర్ దాకా దించి రండి.