తెర దించిన క్షణం

ఆ ప్లాస్టిక్ కుర్చీ ఇలా లాక్కుని నా పక్కన కూర్చోండి. గుంటూరు బ్రాడీపేటలో మేడమీద గది ఇది. రాత్రి పదకొండు దాటింది, కింద టీకొట్టు కట్టేశారు. మానిటర్ మీద పెళ్లి టైమ్‌లైన్ పరిచి ఉంది: గౌరీపూజ, గంపలో పెళ్లికూతురు, బిందెల దగ్గర పిల్లలు. ఆ తర్వాత ఖాళీ. జీలకర్ర బెల్లం దగ్గర ఉండాల్సిన క్లిప్ లోపలికి రావడం లేదు.

"అన్నా, నాలుగుసార్లు లాగా. పడట్లేదు," అంటున్నాడు కెమెరా కుర్రాడు. వాడి మొహం చూడండి, పాలిపోయింది. సరిగ్గా ముహూర్తానికి అడ్డుతెర దించుతుంటే బ్యాటరీ అయిపోయిందట.

"కార్డు ఫార్మాట్ కొట్టావా?"

"లేదన్నా. అట్టాగే ఉంచా."

బతికాం. కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి, ఉన్నదున్నట్టు మొత్తం కార్డును ఇమేజ్‌గా హార్డ్‌డిస్క్‌లోకి దించాను. ఇకపై ఏం చేసినా ఆ నకలు మీదే. కంగారులో అదే కార్డు మీద మళ్లీ షూట్ చేసి, ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

సాయంత్రం నుంచి మొరాయించిన ఫైళ్లు ఇంకా ఉన్నాయి కానీ వాటి సంగతి తేలిక. లైవ్ ఇచ్చినవాళ్ల ఓబీఎస్ రికార్డింగ్ ఎంకేవీలో ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పెట్టె మార్చి ఎంపీ4లో పెడితే చాలు, బొమ్మను ముట్టుకోనక్కర్లేదు, నిమిషం పని. పెళ్లికూతురి బాబాయి ఫోన్లో తీసినవి హెచ్.265, పైగా ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. అలాగే వాడితే పోనుపోను పెదాలొక చోట, మాటొక చోట. హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరంగా 25 ఫ్రేములకు మార్చి పక్కన పెట్టాను.

ఈ జీలకర్ర బెల్లం క్లిప్ అలాంటిది కాదు. మీడియాఇన్ఫోలో తెరిస్తే ఫైలు పేరు, సైజు తప్ప ఇంకేం చూపడం లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక్క మాటే అంటోంది: "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్."

హెక్స్ వ్యూయర్ తెరుస్తున్నాను, కాస్త ముందుకు వంగి చూడండి. మొదటి వరసలో 66 74 79 70 అని నాలుగు బైట్లు కనిపిస్తున్నాయా? కుడివైపు అక్షరాల్లో అదే 'ఎఫ్‌టైప్'. ఎంపీ4 అంటే ఇలాంటి పెట్టెల వరస. ప్రతి పెట్టెకూ ముందు నాలుగు బైట్లు నిడివి, తర్వాతి నాలుగు పేరు. 1991లో ఆపిల్ క్విక్‌టైమ్‌తో మొదలైన పద్ధతే ఎంపీ4కి పునాది. కొంచెం కిందికి వస్తే 'ఎండాట్' ఉంది. బొమ్మ, శబ్దం అంతా అందులోనే. దాని నిడివి ఉండాల్సిన చోట మాత్రం సున్నాలు. ఫైలు చివరికి వెళ్తే 'మూవ్' ఉండాలి. లేదు.

ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో ఆ మూవ్‌లోనే ఉంటుంది. రికార్డింగ్ ఆపేదాకా ఎన్ని ఫ్రేములు వస్తాయో కెమెరాకు తెలియదు కదా, అందుకే దాన్ని చివర్న రాస్తుంది. చార్జింగ్ అయిపోయి ఆ రాతకు సమయం చిక్కలేదు. తాళపత్రాల కట్టకు దారం తెగి, ఆకుల మీద అంకెలు కూడా లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. రాసిందంతా ఉంది, వరస తెలియదు.

ఉందనడానికి లెక్క చూడండి. ఫైలు 3.1 జీబీ. ఈ కెమెరా సెకనుకు 50 మెగాబిట్లు రాస్తుంది. అంటే ఎనిమిది నిమిషాల పైచిలుకు, పన్నెండు వేలకు పైగా ఫ్రేములు. కుర్రాడితో ఈ మాటే చెప్పాను: "పోలేదురా, లోపలే ఉంది." వాడు తలూపాడు గానీ నమ్మలేదు.

ఫెడెరికో పొంకియో రాసిన అన్‌ట్రంక్ అనే ఉచిత పనిముట్టు ఒకటుంది. అదే కెమెరాతో, అవే సెట్టింగులతో తీసిన మంచి క్లిప్ ఒకటి దానికి చూపాలి. అదే రాత్రి తీసిన గౌరీపూజ క్లిప్ ఇచ్చాను. ఫ్రేమ్ రేటు వేరైనా, వేరే కెమెరాదైనా పని చెడుతుంది. మంచి క్లిప్‌లో కోడెక్ వివరాలు చదివి, ఎండాట్‌లో ఒక్కో ఫ్రేమునూ గుర్తుపడుతూ కొత్త మూవ్ రాస్తుంది. నల్ల తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి చూడండి. కుర్రాడు నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోడు.

అయింది. స్పేస్‌బార్ నొక్కుతున్నాను.

పసుపు రాసిన తెల్లటి అడ్డుతెర. దాని మీదుగా కదులుతున్న బాసికం. శబ్దం గరగరలాడుతోంది. ఈ కెమెరా ధ్వనిని కుదించకుండా పీసీఎంలో రాస్తుంది, అందులో ఆనవాలు పట్టుకోవడం కష్టం. పర్వాలేదు, రెండో కెమెరాలో మేళం శుభ్రంగా ఉంది. తలల మీద జీలకర్ర బెల్లం పెట్టారు. తెర కిందికి జారుతోంది. అమ్మాయి కళ్లెత్తింది. చివరి అర సెకను బూడిదరంగు గళ్లుగా విరిగిపోయింది.

"అన్నా, చూసింది! అబ్బాయిని చూసింది!" అంటూ వాడు నా భుజం పట్టుకున్నాడు.

క్లిప్‌ను డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోకి మార్చి టైమ్‌లైన్ మీదికి లాగాను. ఈసారి పడింది. గళ్లు మొదలయ్యే ఫ్రేము దగ్గర కోసి, రెండో కెమెరా షాట్‌ను అక్కడికి జరుపుతున్నాను.