టైరుకు నలుపు ఎట్లు వచ్చినది?

నిజామాబాదు నుండి బోధను పోవు దారిపై గత నూరేండ్లలో మూడు తరముల చక్రములు నడచినవి. మొదటిది ఇనుపపట్టా వేసిన కొయ్య గీర. రెండవది చెరకుబండికి వేసిన రబ్బరు టైరు. మూడవది బస్సు, లారీ, కారు, ట్రాక్టరుల చక్రము. ఈ మూడవ తరమునకు చెందిన పాత కార్లను నేడు కొందరు ముచ్చటపడి కాపాడుకొనుచున్నారు. పెండ్లి ఊరేగింపునకో, పండుగకో వాటిని బయటికి తీయుటకు ముందు టైర్లను కడిగి, నిగనిగలాడునట్లు ఏదో ఒకటి పూయుదురు. కొందరు కిరసనాయిలు వాడుదురు. కొందరు వాడివేసిన ఇంజను ఆయిలు రుద్దుదురు. టైరు నల్లగా మెరసినచో అది బాగున్నదని పలువురి నమ్మకము.

ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్న టైరు చరిత్రను కొంత తిరుగవేయవలెను. ఏలయనగా, టైరు పుట్టుకతో నల్లనిది కాదు.

ఇనుపపట్టా నుండి గాలిటైరు వరకు

మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తియైనది. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని ఉద్దేశము. నీటి వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో బోధను వద్ద నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. దాని చుట్టు వెలసిన ఊరికి శక్కర్‌నగరమని పేరు వచ్చినది.

కోసిన చెరకు త్వరగా కర్మాగారమునకు చేరవలెను. ఆలస్యమైన కొలది గడలోని చక్కెర విరిగి తగ్గిపోవును. అందుచేత చెరకు సీమలో చక్రము మంచిదైననే పంటకు విలువ.

కొయ్య గీరకు పట్టా వేయుట ఒక నేర్పు. కమ్మరి ఇనుపపట్టాను గీర చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా చేయును. దానిని ఎర్రగా కాల్చగా వ్యాకోచించును. ఆ వేడిమీదనే గీరకు తొడిగి నీళ్లు పోయగా పట్టా సంకోచించి కొయ్యను బిగించి పట్టును. ఉష్ణము వలన లోహము వ్యాకోచించుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము పాఠ్యపుస్తకములో దొరకదు. ఈ చక్రము గట్టిదే. కాని సన్నని పట్టా తడినేలలో దిగబడును. రాతిబాటపై ప్రతి కుదుపును ఎద్దు మెడకు చేర్చును.

దీనికి విరుగుడు విదేశములలో పుట్టినది. రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు ఇంజనీరు 1845లో గాలి నింపిన రబ్బరు చక్రమునకు పేటెంటు పొందెను. రబ్బరు ఖరీదైనదగుటచే అది మూలబడినది. 1888లో బెల్‌ఫాస్టు నగరములోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలు కుదుపు లేకుండ నడచుటకై గాలిటైరును మరల కనిపెట్టెను. ఈ సారి అది నిలిచినది. 1936లో డన్లప్ కంపెనీ బెంగాలులోని సాహాగంజి వద్ద టైర్ల కర్మాగారమును నెలకొల్పినది. ఎద్దుబండ్లకు కూడ గాలిటైర్లు వచ్చినవి. టైరు వెడల్పుగా నేలనానుటచే దిగబడదు. లోని గాలి దిండువలె కుదుపును మ్రింగును. అదే జత ఎద్దులు ఎక్కువ బరువు లాగును. దేశములో పలుచోట్ల అట్టి బండికి డన్లప్ బండి అనియే పేరు పడినది.

అంతకు ముందే, 1932లో, నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనది. నేటి రోడ్డు రవాణా సంస్థలకు అదియే మూలము.

గంధకము వేసిన ముడి

రబ్బరుచెట్టు పాలు గడ్డకట్టగా వచ్చు ముడిరబ్బరు టైరుకు పనికిరాదు. వేసవిలో జిగురువలె అంటుకొనును, చలిలో పెళుసెక్కును. 1770లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్లీ దానితో పెన్సిలు గీతలు రుద్ది చెరపవచ్చునని వ్రాసెను. చాల కాలము దానికి ముఖ్యమైన ఉపయోగములలో అది ఒకటి.

1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో ఆ లోపము పోవునని కనుగొనెను. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. విడిగానున్న నులకత్రాళ్లు ఒకదానిపై ఒకటి జారిపోవును. అవే అల్లిన మంచమైనప్పుడు బరువు మోసి, మనిషి లేచిన వెంటనే యథాస్థితికి వచ్చును. గంధకము రబ్బరు గొలుసుల నడుమ ఇట్టి ముడులే వేయును. నిజామాబాదు జిల్లాలో మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసినను టైరు కరగి కారకుండుట ఈ ముడుల చలువయే.

తెల్లని టైర్ల కాలము

రబ్బరు సహజముగా లేతరంగు కలది. తొలినాటి టైర్లలో బలమునకై జింకు ఆక్సైడు అను తెల్లని పొడి కలిపెడివారు. కావున అవి తెల్లగనో, బూడిదరంగుగనో ఉండెడివి. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదములో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు కలదు. ఆ తరము కార్లు తయారైననాడు వాటి టైర్లు సాధారణముగా లేతరంగువే. అట్టి కారు టైరుకు నల్లరంగు పూసి మెరిపించినచో అందము కొరకు చరిత్రను మార్చినట్లగును.

1904లో లండనులోని సిల్వర్‌టౌను రబ్బరు కర్మాగారములో ఎస్. సి. మోట్ అను రసాయనజ్ఞుడు మసి కలిపిన రబ్బరు ఎక్కువ బలము కలిగియుండునని గమనించెను. ఈ మసి దీపముపై పట్టు కాటుకకు దగ్గరి చుట్టము. దాని కణములు మిల్లీమీటరులో పదివేల వంతు కంటెను చిన్నవి. అవి రబ్బరు గొలుసులను గట్టిగా పట్టుకొనుటచే టైరు అరుగుదల ఎంతో తగ్గును. పైగా మసి సూర్యకాంతిలోని అతినీల కిరణములను తానే పీల్చుకొని రబ్బరును కాపాడును. 1910 తరువాత అమెరికా కంపెనీలు ఈ పద్ధతిని విరివిగా చేపట్టినవి. మొదట నేలను తాకు భాగము మాత్రమే నల్లబడినది. ప్రక్కలు తెల్లగనే మిగిలినవి. పాత కార్లకు సొగసుగా కనబడు తెల్లప్రక్కల టైరు ఆ సంధికాలపు గుర్తు.

కనుక టైరు నలుపు పైపూత కాదు. అది రబ్బరుతో కలిసి లోపలి నుండి వచ్చిన బలము. పై నుండి పూసిన నలుపు ఆ బలమును పెంచజాలదు.

గాలిలోని శత్రువు

గంధకముతో కలిసిన పిమ్మటను రబ్బరు గొలుసులలో బలహీనమైన బంధములు మిగిలియుండును. గాలిలో అత్యల్పముగా ఉండు ఓజోను వాయువు ఆ బంధములను త్రెంపును. సాగదీసిన రబ్బరుపై దీని దెబ్బ ఎక్కువ. టైరు ప్రక్కలు బరువుచే సదా సాగియుండుటచే అచ్చటనే సన్నని పగుళ్లు పుట్టును. అందుకే తయారీదారులు రబ్బరులో మైనమును, 1950 తరువాత ఓజోను నిరోధక రసాయనములను కలుపుట మొదలిడిరి. ఇవి క్రమక్రమముగా పైకి ఊరి, టైరు మీద కంటికి కానరాని కవచమును ఏర్పరచును. ఓజోనుతో పోరాడి పాడైన ఈ పదార్థమే టైరు ప్రక్కన గోధుమరంగు మరకగా కనబడును. చూచువారు దానిని మురికి యనుకొని కిరసనాయిలుతో తోమి తీయుదురు.

ఇచ్చట పాత కార్లకు ఒక ప్రత్యేకమైన ప్రమాదము కలదు. టైరు తిరుగుచు వంగుచుండగా లోని మైనము పైకి వచ్చి కవచము పునరుద్ధరింపబడును. నెలల తరబడి కదలక షెడ్డులోనున్న కారు టైరుకు ఈ మేలు సరిగా అందదు. తొక్కు అరగక, చూపులకు కొత్తదిగానుండి, ప్రక్కలు మాత్రము లోలోపల పగులుచుండును.

కడుగుట, పూయుట

కిరసనాయిలు, ఇంజను ఆయిలు, రబ్బరు – మూడును హైడ్రోకార్బనులే. ఒకే జాతి పదార్థములు ఒకదానిలోనొకటి సులభముగా చొరబడును. దీనిని తరగతిలో చూపవచ్చును. సమానమైన మూడు రబ్బరు బ్యాండ్లను తీసికొని, ఒకదానిని నీటిలో, ఒకదానిని ఆముదములో, ఒకదానిని కిరసనాయిలులో రాత్రంతయు ఉంచి, మరునాడు స్కేలుతో కొలువవలెను. కిరసనాయిలులోనిది ఉబ్బి, పొడవు పెరిగి, లాగినంతనే తెగునట్లుండును. నీటిలోనిది మారదు. ఆముదములోనిదియు అంతగా మారదు. పూర్వపు కార్లలో బ్రేకు ద్రవమును ఆముదముతో చేయుటకు ఇదియొక కారణము. బ్రేకులలోని సహజ రబ్బరును అది చెరుపదు. టైరుపై కిరసనాయిలు పూయగా వచ్చు నలుపు, రబ్బరు ఉబ్బి మెత్తబడుటకు తొలిగుర్తు.

కడుగుటకు సాధారణమైన సబ్బునీరు, మెత్తని బ్రష్షు చాలును. మెరుపు కావలెనన్నచో నీటితో కలియు సిలికోను పూతను ప్రక్కలకు మాత్రమే పలుచగా రాసి, మిగిలినదానిని గుడ్డతో తుడువవలెను. సిలికోనులు 1940 తరువాత కర్మాగారములలో తయారగుచున్నవి. అవి రబ్బరులోనికి అంతగా చొరబడవు. నేలను తాకు తొక్కుపై ఎట్టి పూతయు ఉండరాదు. పూత జారుడు, బ్రేకు వేసినను బండి ఆగదు.

కడిగిన నీరు చెరువులో కలియనీయరాదు. టైర్లలోని ఓజోను నిరోధకము ఓజోనుతో కలిసి మారిన పదార్థము ఒక జాతి సాల్మను చేపలను చంపుచున్నదని 2020లో అమెరికా పరిశోధకులు వెల్లడించిరి. టైరును కాపాడు పదార్థము చేపకు విషమైనది.

చక్రపు ఇనుపరిమ్ము తుప్పు పట్టినచో దానిని వదలించుటకు బోధనువంటి సీమకు బాగుగా ఎరుకైన వస్తువొకటి కలదు. చక్కెర తీయగా మిగులు మొలాసిస్‌ను ఒక పాలు, నీటిని తొమ్మిది పాళ్లు కలిపి, టైరు తీసివేసిన రిమ్మును కొన్ని వారములు నానవేయుట పాత కార్లను బాగుచేయువారు పలుదేశములలో అనుసరించు పద్ధతి. దానిలోని పదార్థములు తుప్పులోని ఇనుమును పట్టి కరగించును. అల్యూమినియమునకు మాత్రము ఇది హాని చేయును.

మెరుపు చెప్పని సంగతి

కడిగి ఆరిన తరువాత, పూత పూయుటకు ముందు, టైరును చూచుటకు సరియైన సమయము. అప్పుడు పగుళ్లు కనబడును. పూసిన పిదప అవి నిండి దాగిపోవును. టైరు వయస్సును దాని ప్రక్కననే చదువవచ్చును. 2000 సంవత్సరము నుండి నాలుగంకెల గుర్తు వేయుచున్నారు. 1219 అనినచో 2019వ సంవత్సరపు 12వ వారములో తయారైనదని అర్థము. అంకెలు మూడే ఉన్నచో ఆ టైరు 2000కు ముందుది; తొక్కు ఎంత నిండుగానున్నను దానిపై ప్రయాణము చేయరాదు. పదేండ్లు దాటిన టైరును మార్చవలెనని పలువురు తయారీదారుల సలహా.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ దారిపై తిరిగిన తొలి టైరుబండ్లు చాలవరకు కాలగర్భమున కలసినవి. మిగిలిన కొలది పాత బండ్లను కాపాడుట మంచి పనియే. కాని పెండ్లికొడుకును, పెండ్లికూతురిని ఎక్కించుకొని పోవు కారుకు మెరుపు కంటె పగులు లేని టైరు ముఖ్యము. ఉపాధ్యాయులు విద్యార్థులను పాఠశాల ఆవరణలో నిలిచిన ఏదేని ఒక బండి వద్దకు తీసికొనిపోయి, టైరు ప్రక్కనున్న నాలుగంకెలను చదివించి, దాని వయస్సును లెక్కకట్టించినచో, రసాయనశాస్త్రపు పాఠమొకటి ప్రాణరక్షణకు పనికివచ్చును.