1948: బీదరు, పాలస్తీనా

చిట్గుప్పలో మన పెద్దలు 1948వ సంవత్సరమును రజాకార్ల కాలముగానే చెప్పుకొనిరి. ఆ మే నెలలో ఈ జిల్లాలోని గోర్ట గ్రామమున రజాకార్లు జరిపిన హత్యాకాండము మరువరానిది. కాని సెప్టెంబరులో పోలీసుచర్య జరిగిన పిమ్మట నిరపరాధులైన ముసల్మానులు పడిన పాట్లను మనవారు అంతగా ప్రస్తావింపరు. నెహ్రూగారు పంపిన పండిత సుందరలాల్ సంఘము హైదరాబాదు రాష్ట్రమున 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయినవని అంచనా కట్టెను. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో మన బీదరు ఒకటి. పొరుగు ముసల్మానులను ప్రాణములొడ్డి కాపాడిన హిందువులనుగూడ ఆ సంఘము పేర్కొనెను. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. గుమాస్తా పని చేసినవాడను గనుక చెప్పుచున్నాను, దస్త్రము కట్టిపెట్టినంత మాత్రమున వ్యవహారము తేలదు.

ఆ సంఘము మన రాష్ట్రమున తిరుగుచుండిన దినములలోనే, 1948 డిసెంబరు 11న, ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానము చేసెను. ఇండ్లు విడిచిన పాలస్తీనీయులలో ఇరుగుపొరుగుతో శాంతిగా బ్రతుకగోరువారిని తిరిగి రానీయవలెననియు, రానివారి ఆస్తికి పరిహార మీయవలెననియు దాని సారాంశము. అట్లు విడిచినవారు సుమారు ఏడు లక్షలు. ఐరోపాలో అరువది లక్షలమందిని పోగొట్టుకొన్న యూదులకు నిలువనీడ కావలసినదే, ఎవరు కాదనగలరు? కాని ఆ నీడకై వీరి నీడ పోయినది. 2023 అక్టోబరు 7న హమాసు ముష్కరులు సుమారు 1,200 మందిని చంపిరి. పిమ్మట గాజాలో వేలకువేలు, పసివాండ్రతోసహా, మడిసిరి. గోర్టను చూపి తరువాతి హత్యలను సమర్థింపరాదన్నచో అక్కడను అంతే కదా! ఇజ్రాయేలీల నిర్భయమును, పాలస్తీనీయుల స్వరాజ్యమును ఒకే కాగితమున వ్రాయవలెను.

మన పిల్లలకు గోర్ట కథ చెప్పునపుడు సుందరలాల్ నివేదికనుగూడ చదివి వినిపింపుడని నా ప్రార్థన.