మన మెట్టసీమ చలికాలములు

"పూర్వపు చలి ఇప్పుడెక్కడిది?" అను మాట నల్లగొండ, పాలమూరు సీమల రచ్చబండలపై తరచుగా వినబడుచుండును. ముసలితనమున గతమెల్ల గొప్పగా దోచునని యువకులు నవ్వుదురు. ఇందు నిజమెంతయో సాక్ష్యములనుబట్టి విచారింతము.

మొదటి సాక్ష్యము సామెత. మాఘమాసమున మ్రాకులు సైతము వణకుననియు, శివరాత్రికి చలి శివశివా యని పోవుననియు మన పెద్దలు చెప్పిరి. చలి ముదురుటయు, వీడుటయు పొలములో నిలిచి యెరిగినవారి మాటలివి.

రెండవ సాక్ష్యము గొంగడి. నల్లగొర్రెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు నేసిన గొంగడి వానకును చలికిని ఒక్కటియే కప్పు. ఇట్టి కప్పు మనకేల కావలసివచ్చెను? మనది సముద్రమునకు దూరమైన ఎత్తునేల. కార్తికము దాటిన పిమ్మట ఆకాశము నిర్మలమగును. పగలు గ్రహించిన వేడిని నేల రాత్రివేళ పైకి విడిచివేయును. మేఘమున్నచో అది భూమికి గొంగడివలె నుండి ఆ వేడిని కొంత నిలుపును. మేఘము లేక, ఉత్తరపు పొడిగాలియు తోడైనచో, తెల్లవారుజామున చలి మిక్కుటమగును. చల్లనిగాలి బరువైనది గనుక పల్లమునకు దిగును. అందుచే గట్టుమీదివానికన్న చెరువు క్రింది పొలమున కావలి యుండువానికి చలి యెక్కువ.

మూడవ సాక్ష్యము ఉష్ణమాపకము. 1946 జనవరి 8వ తేదీన, పార్థివ సంవత్సర పుష్యమాసమున, హైదరాబాదులో ఉష్ణము 6.1 డిగ్రీలకు దిగెను. ఆ నగరపు లెక్కలలో అత్యల్పముగా చెప్పబడునది యిదియే.

ఆనాటి చలి అందరికిని ఒక్కరీతి తగులలేదు. గడీలలోనివారికి దుప్పట్లును కుంపట్లును గలవు. వెట్టివానికి చింకిగొంగడియే గతి. గొర్రెలు మేపువాడు పండుగలకు, పెండ్లిండ్లకు దొరకు గొర్రెల నూరక యియ్యవలసియుండెను. ఆ యేటనే జూలై 4వ తేదీన, నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండి గ్రామమున, కురుమ కులమున బుట్టిన దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకి కాల్పులకు బలియయ్యెను. తెలంగాణ రైతుల పోరాటమునకు అది నాంది. చలి దైవికమే గాని, కప్పుకొన గుడ్డ లేకుండుట దైవికము గాదు.

ఇక నేటి మాట. 1901 మొదలు 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణము సుమారు 0.7 డిగ్రీ పెరిగినదని కేంద్రప్రభుత్వపు భూవిజ్ఞానశాఖ 2020లో ప్రకటించినది. బొగ్గు, చమురు మండించుటచే పుట్టిన వాయువులు భూమి విడుచు వేడిని పట్టియుంచుటయే దీనికి ముఖ్యకారణము. కావున పెద్దల మాట కేవలము భ్రమ గాదు. అయితే అంత స్వల్పమగు భేదమును మేను తానుగా గుర్తింపజాలదు. గుడిసెలు పోయి పక్కాయిండ్లు వచ్చుటయు, రగ్గులు చౌకయగుటయు మనకు చలిని తగ్గించినవి. ఒక్కొక్కయేడు తీవ్రమైన చలి యిప్పటికిని వచ్చుచునే యున్నది. దానినిజూచి వేడి పెరుగుటలేదనుటయు పొరపాటే.

ఈ మార్పు పంటలకును సంబంధించినది. నల్లరేగడిలో యాసంగి జొన్న పదునుతో, మంచుతో, చలితో పండును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప ఆయకట్టు భూములలో వరి పెరిగెను. ఉన్నికి పేరుబడిన నల్లగొర్రె తగ్గి, మాంసమునకై పెంచు ఎర్రగొర్రె హెచ్చెను. గొంగడి నేయువారును అరుదైరి.

పెద్దలారా! యంత్రములు పట్టణముల చలిని వ్రాసియుంచినవి. మీ ఊరి చలిని వ్రాసినవారు లేరు. ఏ సంవత్సరమున మంచుకు ఏ పైరు మాడెనో, ఏ చెరువు ఎప్పుడు నిండెనో, సంవత్సర నామముతో, మాసముతో పంచాంగపు అంచులనైనను వ్రాసి మనుమల కప్పగింపుడు. రేపు విత్తనమెప్పుడు వేయవలెనో ఆలోచించువానికి ఆ వ్రాత యక్కరకు వచ్చును.